ఎల్బీనగర్ మనుషులు మంచోళ్లే... మన బతుకే అద్దెకొంపలో ఉంది

తెల్లవారుజామున సాగర్ రోడ్డు మీదుగా వచ్చిన బస్సు ఎల్బీనగర్ చౌరస్తాలో ఆగుతుంది. త్రిపురాంతకం, యర్రగొండపాలెం, పుల్లలచెరువు, మార్కాపురం మనుషులు కళ్లు నులుముకుంటూ దిగుతారు. గోతాంలో బియ్యం, డబ్బాలో ఊరగాయ, చంకలో బిడ్డ. కొందరు నేరుగా కూలీల అడ్డాకు నడుస్తారు. కొందరు దిల్‌సుఖ్‌నగర్ హాస్టల్ అడ్రసు చీటీ చేతిలో పట్టుకుని సిటీ బస్సు కోసం చూస్తారు. అంతలో ఇంటి నుంచి ఫోను.

"యాడ దిగావు అబ్బయ్యా? ఆడ మనుషులు మంచోళ్లేనా?"

పడమటి ప్రకాశంలో బిడ్డను పట్నం పంపిన ప్రతి తల్లీ అడిగే ప్రశ్న ఇది. జీతమెంత అని తర్వాత అడుగుతుంది. మనుషులు ఎట్లాంటోళ్లని ముందు అడుగుతుంది. ఉద్యమ పత్రికల్లో నీళ్ల లెక్కలు రాస్తాం, నిధుల లెక్కలు రాస్తాం. ఈ తల్లి ప్రశ్నకు మాత్రం సూటిగా జవాబు రాసింది లేదు. ఈ వారం అదే రాస్తున్నాం.

నిజం చెప్పుకుందాం

ముందు ఒప్పుకోవాల్సిన మాట. ఎల్బీనగర్, వనస్థలిపురం, బీఎన్ రెడ్డి నగర్, దిల్‌సుఖ్‌నగర్ మనుషులు మంచోళ్లే. మేం ఆ వీధుల్లో గది అద్దెకు తీసుకుని ఉన్నాం. నెలాఖర్లో అప్పు రాసుకుని టీ పోసిన కొట్టు యజమాని అక్కడే ఉన్నాడు. జ్వరంతో పడుకుంటే జావ కాచి పంపిన పక్కింటి పిన్ని అక్కడే ఉంది. ఆమెది నల్గొండ, మాది ప్రకాశం. గిన్నె ఇచ్చేటప్పుడు ఆమె ఏ రాష్ట్రమని అడగలేదు.

2014 జూన్ 2న తెలంగాణ వచ్చింది. అంతకుముందు నాలుగైదేళ్లు "రాష్ట్రం విడిపోతే మిమ్మల్ని తరిమేస్తారు" అని మనవాళ్లను భయపెట్టిన పెద్దమనుషులు ఎందరో! ఆ ఏడాది ఆగస్టు 19న సమగ్ర కుటుంబ సర్వే పెట్టినప్పుడు ఆ భయం ఇంకా ముదిరింది. మన పేరు పక్కన ఏం రాసుకుంటారో అని శివారు కాలనీల్లో నిద్రపోని ఇళ్లున్నాయి. ఏం జరిగింది? తరిమిందెవరు? ఎవరూ లేరు. 2016 గ్రేటర్ ఎన్నికల్లో రాష్ట్రం తెచ్చామన్న పార్టీ 150 డివిజన్లలో 99 గెలిచింది. కోస్తా, సీమల నుంచి వచ్చినవాళ్లు ఎక్కువగా ఉండే కాలనీలూ వాటిలో ఉన్నాయి. పొరుగువాడు పొరుగువాడిగానే ఉన్నాడు.

2020 అక్టోబరులో కుండపోత కురిసి సరూర్‌నగర్ చెరువు కింది కాలనీలు మునిగాయి. కింది అంతస్తువాళ్లు పై అంతస్తుకెక్కారు. ఎక్కినవాళ్ల పొయ్యి, పొయ్యి ఇచ్చినవాళ్ల బియ్యం కలిసిపోయాయి.

కాబట్టి మన ఉద్యమ వేదికల మీద ఎవరైనా "హైదరాబాదోళ్లు మనల్ని మనుషులుగా చూడరు" అని మైకు పట్టుకుంటే నమ్మకండి. చప్పట్ల కోసం చెప్పే అబద్ధమది.

టు-లెట్ బోర్డు కింద ఏముంది?

అయితే మంచితనానికి ఒక గీత ఉంది. ఆ గీత టు-లెట్ బోర్డు దగ్గర కనపడుతుంది.

ఒకసారి గది కోసం ఇద్దరం కలిసి తిరిగాం. ఒక ఇంటాయన మా యాస వినగానే కుర్చీ వేశాడు. ఆయనదీ పడమటి ప్రాంతమే. త్రిపురాంతకం అనగానే కొండ మీది శివాలయం, చెరువులోని బాలాత్రిపురసుందరి అమ్మవారు, తిరునాళ్లు, అన్నీ తలుచుకున్నాడు. కాఫీ వచ్చింది. అడ్వాన్సు ఎంతో చెప్పాడు. ఆ తర్వాత నెమ్మదిగా "మీ ఇంటిపేరు?" అన్నాడు. మా మిత్రుడు చెప్పాడు. ఆయన ముఖం మారలేదు, గొంతు పెంచలేదు. "నిన్ననే ఎవరికో మాటిచ్చా అబ్బాయ్, మర్చిపోయా" అన్నాడంతే. గేటు దాకా వచ్చి సాగనంపాడు కూడా.

మిత్రుడు దళితుడు. తలుపు మూసింది తెలంగాణవాడు కాదు, కోస్తావాడు కాదు. మన మనిషి. ఊరి నుంచి బియ్యంతో పాటు దీన్ని కూడా గోతాంలో వేసుకొచ్చిన మనిషి!

ఆ రోజు గది దొరికింది ఒక ముస్లిం కుటుంబం పెంకుటింట్లో. వాళ్లు అడిగింది ఒక్కటే, రాత్రి ఎన్నింటికి వస్తారని.

ఇది ఎందుకు రాస్తున్నామంటే, శివారు మంచిదా కాదా అన్న ప్రశ్నకు అందరికీ ఒకే జవాబు ఉండదు. ఊళ్లో పెద్దరుగు ఉన్నవాడికి పట్నంలో పలకరించేవాళ్లు లేరన్న బాధ ఉంటుంది. ఊళ్లో అరుగెక్కనివ్వని వాడికి, హోటల్లో ఎవడి పక్కనైనా కూర్చుని తినొచ్చన్నదే పెద్ద సుఖం. "పట్నంలో ఎవడికెవడూ కాడు" అని మనం నిట్టూరుస్తామే, అదే మాట కొందరికి విడుదల. ఈ తేడా తెలియకుండా "మా ఊరి ఆప్యాయత" అని పాటలు కట్టుకుంటే ఆ ఉద్యమం సగం ఊరికే ఉద్యమం.

2020 మార్చిలో ఏం జరిగింది?

మంచితనం ఎంత దూరం వస్తుందో తేల్చిన రోజులు కూడా చూశాం. 2020 మార్చిలో కరోనా లాక్‌డౌన్ పెట్టారు. హైదరాబాద్‌లో హాస్టళ్లు ఖాళీ చేయమన్నారు. కోచింగు పిల్లలు, చిన్న ఉద్యోగులు పోలీసు స్టేషన్ల ముందు బారులు తీరి ఎన్‌వోసీలు తీసుకున్నారు. మార్చి 25న ఆ కాగితాలు పట్టుకుని బయలుదేరితే సరిహద్దులో సొంత రాష్ట్రం ఆపేసింది. గరికపాడు చెక్‌పోస్టు దగ్గర, పొందుగుల దగ్గర పిల్లలు రోడ్డు మీద నిలబడిపోయారు. వెనక్కి పోతే హాస్టలుకు తాళం. ముందుకు పోతే పోలీసు లాఠీ.

ఆ రాత్రి దారి పక్క ఊళ్లవాళ్లు నీళ్లిచ్చారు, అన్నం పొట్లాలిచ్చారు. వాళ్లకు చేతులెత్తి మొక్కాలి. రోగం ఊళ్లోకి వస్తుందన్న భయమూ కాదనలేనిదే. కానీ ఒక్కటి అడుగుతున్నాం. ఉన్నచోటు "మా మనిషి" అనలేదు. పుట్టినచోటు "మా మనిషి" అనలేదు. మరి వాళ్లు ఎవరి మనుషులు?

ఎదుటివాడి మంచితనం మీద బతకడం వేరు, మన హక్కు మీద బతకడం వేరు. మంచితనం పొద్దున ఉంటుంది, సాయంత్రానికి భయమేస్తే ఉండదు. హక్కు అట్లా కాదు. అడిగి తీసుకోవచ్చు, ఇవ్వకపోతే నిలదీయొచ్చు. పడమటి ప్రకాశం మనిషికి లేనిది మంచి పొరుగు కాదు. లేనిది హక్కు.

రాజధాని జిల్లావాళ్లం ఒకప్పుడు!

కుర్రవాళ్లకు తెలియని సంగతి ఒకటి చెప్పాలి. 1953 అక్టోబర్ 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడి కర్నూలు రాజధాని అయినప్పుడు మార్కాపురం, గిద్దలూరు ప్రాంతాలు కర్నూలు జిల్లావే. అంటే త్రిపురాంతకం రైతు అప్పుడు రాజధాని జిల్లా రైతు! 1937 నవంబర్ 16 నాటి శ్రీబాగ్ ఒడంబడిక ఫలితం మూడేళ్లు నిలిచింది. 1956 నవంబర్ 1న రాజధాని హైదరాబాద్ పోయింది. 1970లో కొత్త జిల్లా కట్టి మనల్ని ఒంగోలుకు ముడేశారు. సీమ నుంచి తీశారు. కోస్తాలో కలిశామా? సాగర్ కుడి కాలువ తూర్పు పొలాలకు పారింది. పడమటి మెట్టకు దక్కింది అంతంతమాత్రం. మనకు మిగిలింది బోరుబావి, ఫ్లోరైడు.

1975 రాష్ట్రపతి ఉత్తర్వులో మనల్ని గుంటూరు, నెల్లూరులతో కలిపి మూడో జోనులో వేశారు. సాగర్ కాలువ కింది పిల్లలతో, డెల్టా కాన్వెంటు పిల్లలతో మన మెట్ట పిల్లాడు ఉద్యోగానికి పోటీ పడాలి. 2014 విభజన తర్వాత వెనుకబడిన జిల్లాలకు ఏడాదికి తలా 50 కోట్ల చొప్పున ఇస్తామన్నారు. సీమ నాలుగు జిల్లాలు, ఉత్తరాంధ్ర మూడు జిల్లాలు ఆ జాబితాలో ఉన్నాయి. ప్రకాశం లేదు! కరువుకు మనం సీమ. కాగితానికి కోస్తా. ఇది దగా కాకపోతే ఏమిటి?

వెలిగొండ సంగతి మళ్లీ చెప్పాలా? 1996లో శంకుస్థాపన. నల్లమల కింద ఒక్కోటి సుమారు 18.8 కిలోమీటర్ల పొడవున రెండు సొరంగాలు. ప్రకాశం, నెల్లూరు, కడప జిల్లాల్లో 4.47 లక్షల ఎకరాలకు నీళ్లని చెప్పారు. 2024 మార్చి 6న జాతికి అంకితం అన్నారు. అంకితం చేసిన ఆ రోజుకు ముంపు గ్రామాల నిర్వాసితులకు పరిహారం పూర్తికాలేదు, కాలువ పని పూర్తికాలేదు, పొలానికి చుక్క పారలేదు. శంకుస్థాపన నాడు పుట్టిన పిల్లాడు ఆ అంకితం నాటికి 28 ఏళ్లవాడు. వాడు ఎక్కడున్నాడో ఎల్బీనగర్ బస్సు దిగేవాళ్లను చూస్తే తెలుస్తుంది.

రాష్ట్రం వస్తే అడ్డా ఖాళీ అవుతుందా?

ఇక్కడ మమ్మల్ని మేమే ఒక ప్రశ్న వేసుకోవాలి. సీమ రాష్ట్రం కావాలంటున్నాం. పడమటి ప్రకాశాన్ని అందులో కలపాలంటున్నాం. వస్తే మన కూలీ ఎల్బీనగర్ అడ్డా మీద నిలబడడా?

అదే అడ్డా మీద మన పక్కన ఎవరున్నారో చూడండి. పాలమూరు కూలీ ఉన్నాడు. దేవరకొండ తండాల కూలీ ఉన్నాడు. వాళ్లకు రాష్ట్రం వచ్చింది. పాలమూరు-రంగారెడ్డి ఎత్తిపోతలకు 2015లో పునాదిరాయి పడింది. మొదటి మోటారు తిరిగింది 2023లో. రాష్ట్రం వచ్చినా తట్ట, పార దిగలేదు. మన వెలిగొండకూ ఆ ఎత్తిపోతలకూ ఒకే కృష్ణ, ఒకే ఎదురుచూపు. అందుకే ఆ పాలమూరు మనిషి మనకు శత్రువు కాడు, ముందు నడిచి దారి చూపినవాడు. జెండా ఎగరేసిన మరునాడు ఇంటికి పోయి పడుకుంటే ఏమవుతుందో ఆయన్ను చూసి నేర్చుకోవాలి.

కాబట్టి రాష్ట్రం వస్తే వలస ఆగుతుందని మేం ఉత్తి హామీ ఇవ్వం. వలస పోవడం తప్పు కూడా కాదు. చదువు కోసం పోనీ, మంచి ఉద్యోగం కోసం పోనీ, పట్నం మీద మోజుతో పోనీ. బోరు ఎండి, అప్పు పెరిగి, వేరే దారి లేక బిడ్డను చంకనేసుకుని పోవడమే తప్పు. ఆ తప్పు పోయేవాడిది కాదు. పొమ్మనకుండా పొగబెట్టిన పాలకులది. రాష్ట్రం అడిగేది ఆ పొగ ఆపడానికి. వెలిగొండ నీళ్ల మీద, జోన్ల మీద, కొలువుల మీద నిర్ణయం మన చేతికి రావడానికి. వచ్చాక కూడా ఆ చేతుల్ని నిలదీయడానికి.

ఏళ్ల తరబడి దీక్షలు, బంద్‌లు చేస్తే 2025 చివర్లో మార్కాపురం జిల్లా ఖరారైంది. మన ఊరివాడు ఒక సంతకం కోసం ఒంగోలు దాకా పోయే బాధ తగ్గే దారి పడింది. అడిగితే వస్తుందని తేలింది. కలెక్టరు బోర్డు వస్తే సరిపోదని కూడా గుర్తుంచుకోవాలి.

మన వంతు పని

విద్యార్థులకు, ఉద్యోగులకు రెండు మాటలు చెప్పి ముగిస్తాం.

ఒకటి, శివారు మనుషుల మీద ద్వేషం రెచ్చగొట్టి ఉద్యమం కట్టొద్దు. జావ కాచి పంపిన పిన్ని మీద మనకు తగాదా లేదు. తగాదా పాలకులతో.

రెండు, మనల్ని పట్నం ఎట్లా చూడాలని కోరుకుంటామో మన ఊళ్లలో బయటివాళ్లను అట్లా చూద్దాం. చీమకుర్తి గ్రానైట్ క్వారీల్లో ఒడిశా, బీహార్ కూలీలు ఉన్నారు. వాళ్ల తల్లులూ ఫోన్ చేసి ఇదే ప్రశ్న అడుగుతారు. మార్కాపురంలో, గిద్దలూరులో గది అద్దెకిచ్చే ఉద్యోగ మిత్రులారా, ఇంటిపేరు అడగకుండా గది ఇవ్వగలరా? రేపటి రాష్ట్రం ఎట్లా ఉంటుందో ఈ రోజు మీ గేటు దగ్గరే తెలుస్తుంది. ఇంటిపేరు అడిగే రాష్ట్రం అయితే మా మిత్రుడు దానికోసం ఎందుకు జెండా మొయ్యాలి?

ఇక ఆ తల్లికి జవాబు. ఇక్కడి మనుషులు మంచోళ్లేనమ్మా. అన్నం పెడతారు, దారి చెబుతారు. కానీ ఇంటికి రావాలనిపించిన రోజు వచ్చి బతికే వీలు మన ఊళ్లో ఉండాలి. దానికోసమే నీ కొడుకు ఆదివారం సెలవు పెట్టుకుని మీటింగుకు పోతున్నాడు. తిట్టవాకు.