తుపాకులిచ్చిన చేతులు

పౌరుల ప్రాణరక్షణ ప్రభుత్వ ప్రథమ కర్తవ్యం. నిరుపేద పౌరుల చేతికే తుపాకులిచ్చి ఆ భారాన్ని వారి భుజాలకెత్తడం కర్తవ్య నిర్వహణ కాదు, కర్తవ్య విసర్జన. ఛత్తీస్‌గఢ్‌లోని అప్పటి దంతెవాడ జిల్లాలో 2005 జూన్‌లో మొదలైన సల్వాజుడుం మిగిల్చిన పాఠం ఇదే. మావోయిస్టులపై ఆదివాసులు స్వచ్ఛందంగా తిరగబడుతున్నారన్నది నాటి ప్రభుత్వ ప్రచారం. అధికారంలో ఉన్న భారతీయ జనతా పార్టీ దానికి అండదండలందిస్తే, శాసనసభలో ప్రతిపక్ష నాయకుడైన కాంగ్రెస్ నేత మహేంద్ర కర్మ సారథ్యం వహించారు. నిలదీయవలసిన పక్షమే పాలకులతో చేతులు కలిపితే ఆదివాసుల మొర ఆలకించేదెవరు? పల్లెలు తగలబడ్డాయి. కొందరు సహాయ శిబిరాల పాలైతే, వేలాదిమంది ప్రాణాలు అరచేత పట్టుకుని సరిహద్దు దాటి అప్పటి ఖమ్మం జిల్లా అడవులకు చేరుకున్నారు.

నెలకు 3,000 రూపాయల గౌరవ వేతనంపై ఆదివాసీ యువకులను ప్రత్యేక పోలీసు అధికారులుగా నియమించారు. ఐదో తరగతి చదివితే చాలన్నారు. 2011 నాటికి వారి సంఖ్య 6,500కు చేరింది. మావోయిస్టుల దారుణ హింసాకాండకు మొదట బలైనదీ వీరే. 2007 మార్చిలో రాణీబోదిలి శిబిరంపై దాడిలో మరణించిన 55 మందిలో అత్యధికులు ఈ యువకులే. అన్నదమ్ములను ఎదురెదురుగా నిలిపిన ఈ విధానం ఎవరికీ రక్షణ ఇవ్వలేదు.

నందినీ సుందర్, రామచంద్ర గుహ, మాజీ ఉన్నతాధికారి ఇ.ఎ.ఎస్. శర్మ 2007లో సుప్రీంకోర్టును ఆశ్రయించారు. జస్టిస్ బి. సుదర్శన్‌రెడ్డి, జస్టిస్ ఎస్.ఎస్. నిజ్జర్‌ల ధర్మాసనం 2011 జూలై 5న చరిత్రాత్మకమైన తీర్పు చెప్పింది. ఈ నియామకాలు రాజ్యాంగంలోని 14, 21 అధికరణలకు విరుద్ధమని ప్రకటించింది. తుపాకులు వెనక్కి తీసుకోవాలనీ, సల్వాజుడుం అకృత్యాలపై కేసులు నమోదు చేయాలనీ ఆదేశించింది. అదే ఏడాది మార్చిలో తాడ్‌మెట్ల, మోర్‌పల్లి, తిమాపురం గ్రామాల్లో జరిగిన దహనకాండపై దర్యాప్తును సీబీఐకి అప్పగించింది.

తీర్పు స్ఫూర్తిని మన్నించవలసిన రాష్ట్ర ప్రభుత్వం ఏం చేసింది? అదే ఏడాది కొత్త చట్టం తెచ్చి, ఆ యువకులనే సహాయక సాయుధ దళంలో చేర్చుకుంది. పేరు మారింది, పని మారలేదు. శాసనసభ చట్టం చేయడం కోర్టు ధిక్కారం కాజాలదంటూ 2025 మేలో సుప్రీంకోర్టు ఆ వివాదానికి తెరదించింది. అయితే ఆ ప్రాంతవాసులకు శాంతి, పునరావాసం కల్పించే బాధ్యత కేంద్ర, రాష్ట్ర ప్రభుత్వాలదేనని కూడా గుర్తుచేసింది. పాలకులు ఈ రెండో మాటను విస్మరించరాదు.

తాడ్‌మెట్ల కేసులో సీబీఐ 2016లో కొందరు ప్రత్యేక పోలీసులపై అభియోగాలు మోపింది. తుపాకి పట్టిన కూలి యువకుడు నిందితుడైనప్పుడు, పట్టించినవారు ప్రేక్షకులుగా మిగలడం న్యాయమనిపించుకోదు. చట్టాన్ని కాపాడే పేరిట చట్టాన్ని అతిక్రమించిన ప్రభుత్వం తుపాకి పట్టినవారికి నీతులు చెప్పే అర్హత కోల్పోతుంది. నష్టపోయిన ప్రతి కుటుంబానికీ పరిహారం, సొంత పల్లెకు తిరిగివెళ్లే హక్కు, ఆదేశాలిచ్చినవారి దాకా సాగే విచారణ జరిగేవరకు బస్తర్‌లో తుపాకులు మౌనం వహించినా శాంతి నెలకొన్నట్లు కాదు.