కర్పూరం ఉండగా క్యూబులెందుకు?

తుపాను కబురు వస్తే చాలు, అమ్మకాలు మొదలవుతాయి. ఈ వారం ఒక మిత్రుడు వాట్సాప్‌లో ‘ఎమర్జెన్సీ కిట్’ ప్రకటన పంపాడు. పొయ్యి రాజేయడానికి ఫైర్ స్టార్టర్ క్యూబులట! ఆ ధర పెడితే ఇంటికి ఏడాది సరిపడా కర్పూరం వస్తుంది. క్యూబు సంగతేమో కానీ ముందు నా ఒళ్లు మండింది.

2024 సెప్టెంబరు 1న బుడమేరు వాగు విజయవాడ సింగ్‌నగర్‌ని ముంచినప్పుడు ఏం చూశాం? కరెంటు లేదు. ఇండక్షన్ స్టవ్ ఉత్త పలకలా పడి ఉంది. డబ్బాలో బియ్యం ఉన్నవాళ్లు కూడా పడవలూ డ్రోన్లూ తెచ్చే పొట్లాల కోసం డాబాల మీద కాచుకు కూర్చున్నారు. నా పాత పాటే మళ్లీ పాడతాను: రేషన్ కిరోసిన్ పోయింది, వత్తుల స్టవ్వు పాతసామాన్లవాడికి పోయింది, దేవుడి గదిలో దీపం కూడా బ్యాటరీదైపోయింది. స్విచ్ వేస్తే తప్ప వెలగని ఇల్లు కట్టుకుని అభివృద్ధి అంటున్నాం.

ఆ క్యూబుల్లాంటివి ఇంట్లోనే చేసుకోవచ్చు. కొబ్బరి పీచుకి కోనసీమ దాకా వెళ్లక్కర్లేదు. గుడ్ల అట్ట గుంటల్లో పీచో, వడ్రంగి దగ్గరి రంపప్పొట్టో నింపండి. మిగిలిపోయిన కొవ్వొత్తి ముక్కల్ని డబ్బాలో వేసి, ఆ డబ్బాను వేడినీళ్ల గిన్నెలో పెట్టి కరిగించి పోయండి. మైనాన్ని నేరుగా మంట మీద పెడితే అంటుకుంటుంది, జాగ్రత్త. ఆరాక గుంటలు విడివిడిగా కత్తిరించుకోవడమే. ఇక కర్పూరమంటారా, నీళ్ల మీద తేలుతూ కూడా మండుతుంది. తెరిచి ఉంచితే మాత్రం గాల్లో కలిసిపోతుంది, అందుకని గాజుసీసాలో మూత బిగించాలి. అగ్గిపుల్లలే కాదు, పెట్టె పక్కనున్న గరుకు పట్టీ కూడా తడవకూడదు. ఎర్ర భాస్వరం ఉండేది అక్కడే. మంట గదిలో వద్దు, డాబా మీద పాత మూకుట్లో పెట్టండి. గ్యాస్ వాసన వస్తుంటే అసలు పుల్లే గీయొద్దు.

ఇది ఇంటి తెలివి. మరి సర్కారు తెలివో? వెలగలేరు నుంచి బుడమేరు నీటిని కృష్ణకు మళ్లించే కాలువకు ఆ వరదలో గండ్లు పడితే పూడ్చడానికి సైన్యం రావాల్సి వచ్చింది. అవతల ప్రకాశం బ్యారేజీ దగ్గర 11.43 లక్షల క్యూసెక్కుల కృష్ణమ్మ. ఇక బుడమేరు ఎటు పోవాలి? కొల్లేటికి పోయే తన పాత దారినే పోయింది. ఆ దారిలో ప్లాట్లు వేయనిచ్చి, రిజిస్ట్రేషన్లు చేసి, ఇంటిపన్ను కట్టించుకుని, మునిగాక ‘ఆక్రమణలు’ అంటే ఎవరు నమ్ముతారు?

పీచూ మైనం కలుపుకోవడం మాకు చేతనవును. ఏటి దారి ఖాళీ చేయించడం జీతం తీసుకుంటున్నవాళ్ల పని. ఆ ప్లాట్లకు సంతకాలు పెట్టినవాళ్ల జాబితా ముందు బయటపెట్టండి. కిట్‌లో ఏముండాలో తర్వాత మాకు చెబుదురుగాని.

– బాటసారి