యంత్రము మనది, తాళపుచెవి యెవరిది?

భీమవరము ప్రాంతమున రొయ్యల చెరువులు గలవారికి తెల్లవారుజాము గండము వంటిది. రాత్రివేళ నీటిలోని నాచు సైతము ప్రాణవాయువునే పీల్చుటచే సూర్యోదయమునకు ముందు ఆ వాయువు మిక్కిలి తగ్గిపోవును. ఆ గడియలో కావలివాడు కునుకు తీసి, ఏరియేటర్లు తిరుగకుండెనేని నెలల పెట్టుబడి నీటిపాలగును. నేడు చెరువులో నుంచిన చిన్న పరికరము ఆ వాయువును కొలిచి యజమాని సెల్‌ఫోనునకు వర్తమానము పంపుచున్నది. కొన్ని యేర్పాటులలో తానే ఏరియేటరును నడపుచున్నది. ఏరువాక యను పేర విజయవాడలో పుట్టిన సంస్థయే ఇట్టి పరికరములను చేసినదని స్మరించుట మనకు సంతోషకరము.

ఇట్లు వస్తువులు తమలో తాము మాటలాడుకొను ఏర్పాటునకు ‘ఇంటర్నెట్ ఆఫ్ థింగ్స్’ అని 1999లో కెవిన్ ఆష్టన్ అను ఆంగ్లేయుడు పేరిడెను. ఆయన అప్పుడు ప్రాక్టర్ అండ్ గ్యాంబుల్ కంపెనీలో ఉద్యోగి. సరకులపై రేడియో చీటీల నతికించు ప్రయత్నములో నుండెను. మేము దీనిని వస్తుజాలమని వ్యవహరింతుము. పేరు క్రొత్తదైనను వస్తువు మన పాఠకులకు క్రొత్తది కాదు. 2021 ఫిబ్రవరి నుండి జాతీయ రహదారుల టోలుగేటులయందు తప్పనిసరియైన ఫాస్టాగు ఆ జాతిదే.

దీనివలన వర్తకునకు లాభము లేదనుట అవివేకము. గుంటూరు కోల్డుస్టోరేజీలలో మిరప బస్తాలు నెలల తరబడి నిలువయుండును. ఏ గదిలో వేడి పెరిగినదో, ఏ గదిలో చెమ్మ చేరినదో సరకు చెడకముందే తెలియుట స్వల్పవిషయము కాదు. మిల్లు మోటారు బేరింగు పాడగుటకు ముందే దాని కంపము మారును. ఆ మార్పును కనిపెట్టు పరికరమున్నచో మిల్లు ఆగకముందే మిస్త్రీని పిలిపింపవచ్చును. వెనుకటి మిస్త్రీలు మోటారునకు చెవియొగ్గి తెలిసికొనుచుండినదియు నిదియే.

అయినను కొనువారు అడుగవలసిన ప్రశ్న యొకటి కలదు. చెరువులోని పరికరము చెప్పు మాట ముందుగా ఎవరి చెవిని పడుచున్నది? పెక్కు పరికరములు తమ లెక్కలను నేరుగా యజమానికి చెప్పవు. కంపెనీవారి దూరపు కంప్యూటరునకు పంపును. అచటినుండి అది తిరిగి యజమాని ఫోనునకు చేరును. ఆ కంప్యూటరు మూతపడినచో పరికరము మూగవోవును. అమెరికాలో రివాల్వ్ అను పెట్టె ఇంటిలోని దీపములను, తలుపులను నడపుచుండెడిది. దానిని చేసిన సంస్థను కొన్న నెస్ట్ కంపెనీ 2016 మే నెలలో ఆ సేవను నిలిపివేసెను. పెట్టెలలో ఏ లోపమును లేదు. సొమ్ము చెల్లించి కొన్నవారికి మాత్రము అవి పనికిమాలినవయ్యెను.

2022లో ఉక్రెయిన్‌లోని మెలిటొపోల్ నుండి దోచుకొనిపోబడిన జాన్ డీర్ వ్యవసాయయంత్రములను దూరమునుండియే కదలకుండ చేసిరని పత్రికలలో వచ్చినప్పుడు లోకము సంతసించెను. మేమును సంతసించితిమి. కాని దొంగవద్దనున్న యంత్రము నాపగలిగిన హస్తము సొంతదారు యంత్రమును ఆపజాలదా? రైతులు తమ యంత్రములను తామే బాగుచేసికొనుటకు ఆ కంపెనీ అడ్డుపడుచున్నదని ఆరోపించి అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్ 2025 జనవరిలో వ్యాజ్యము వేసినది.

ఇక చోరభయము సంగతి. 2016 అక్టోబరులో మిరాయ్ అను దుష్టప్రోగ్రాము, కార్ఖానాలో నుంచిన సంకేతపదమునైన మార్చని కెమెరాలను, రౌటర్లను లోబరచుకొని అమెరికాలో పేరుగన్న వెబ్‌సైటులను స్తంభింపజేసెను. ఈ విషయమున ప్రభుత్వములు కొంత మేల్కొన్నవి. బ్రిటనులో అందరికిని ఒకే సంకేతపదముతో అమ్ముట 2024 ఏప్రిలు నుండి నిషిద్ధము. మనదేశమున సీసీ కెమెరాలకు 2025 ఏప్రిలు నుండి భద్రతాపరీక్ష నిర్బంధమైనది.

దొంగల మాట అట్లుండ, దొరల మాట కష్టతరము. ఏ చెరువులో ఎంత మేత పడినది, ఎన్నాళ్లకు పట్టుబడికి వచ్చును అను లెక్క మేత నమ్మువానికిని, రొయ్యలు కొనువానికిని ముందుగనే తెలిసినచో బేరమున రైతుకు మిగులునదేమి? తన ముక్కలు ఎదుటివానికి చూపి పేకాడినట్లగును. మన 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టము మనుష్యుల వివరములను కాపాడుటకు పుట్టినది. చెరువు లెక్కలు, మోటారు కంపములు దాని పరిధిలోనివి కావు. యూరపు సమితి చేసిన డేటా చట్టము ఆ కొరతను కొంత తీర్చినది. 2025 సెప్టెంబరు 12 నుండి అచట పరికరమును వాడువానికి, అది పుట్టించు లెక్కలను కోరి పొందు హక్కు కలదు. అట్టి శాసనము మనకును కావలయును.

స్వదేశీ పరికరమును కొన్నచో ఈ చిక్కులుండవని కొందరు మిత్రుల వాదము. స్వదేశీ పరికరములు వర్ధిల్లవలయుననుటలో మేమెవ్వరికిని తీసిపోము. కాని తాళపుచెవి విజయవాడలోనున్నను విదేశమందున్నను యజమానివద్ద లేనిచో ఫలమొక్కటే. పరికరములనే మానవలెనను సలహాయు మాకు రుచింపదు. పొరుగు చెరువువాడు నష్టమును తప్పించుకొనుచుండగా మనము కావలివాని కునుకుపై ఆధారపడి యెన్నాళ్లు వర్తకము చేయగలము?

శాసనము వచ్చువరకు చేతులు కట్టుకొని కూర్చుండ నక్కరలేదు. ఒంటరిగా పోయిన రైతుచేత అమ్మకపుదారు అచ్చుకాగితముపై సంతకము చేయించుకొనును; వందమంది కూడి పోయినచో వారి షరతులను వినక తప్పదు. నెట్టు ఆగినను పరికరము ఏరియేటరును నడపవలయును. లెక్కలన్నియు యజమాని అడిగినప్పుడు అతని చేతికి రావలయును, అతని అనుమతి లేక పరులకు పోరాదు. సేవ ఎన్నేండ్లు సాగునో రసీదుపైననే వ్రాయవలయును. ఊరి మిస్త్రీ దానిని విప్పుట నేరము కారాదు. రాబోవు పంటకు పరికరముల బేరము మొదలగుటకు ముందే రొయ్యల రైతుల సంఘములును, కోల్డుస్టోరేజీ యజమానులును, మిల్లుదారులును ఒకచో కూడి, న్యాయవాదులచేత ఈ షరతులను తెలుగులో వ్రాయించి ప్రకటింపవలయునని మా కోరిక.