చూసిందంతా చదువేనా?

“ఇంకా పుస్తకాలేమిటండీ, చాదస్తం కాకపోతే! అన్నీ టీవీలో చక్కగా చూపిస్తున్నారుగా!”

ఈ మాట పేరంటాల్లో విన్నాను, రైల్లో విన్నాను. విని ఊరుకున్నాను. మొన్న ఒక కాలేజీ లెక్చరరుగారు కూడా అదే మాట అనేసరికి మాత్రం ఊరుకోబుద్ధి కాలేదు. పాఠం చెప్పేవాళ్ళే పుస్తకం అక్కర్లేదంటే ఇక పిల్లలకి చెప్పేదేముంది?

టీవీ మీద నాకు పగేమీ లేదు. దాని గొప్ప దానికుంది. తీగపాకమంటే ఏమిటో వంటల పుస్తకం ఎన్ని వాక్యాల్లో చెప్పినా కొత్తకాపురం పిల్లకి బోధపడదు. రెండు వేళ్ళ మధ్య పాకం తీగలా సాగడం ఒక్కసారి చూపిస్తే చాలు. ఇక అక్షరం రానివాళ్ళకైతే అది వరమే. 1975 ఆగస్టు నుంచి ఏడాదిపాటు, అమెరికా ఉపగ్రహం సాయంతో, 6 రాష్ట్రాల్లో దాదాపు 2400 పల్లెలకు మన ప్రభుత్వం టీవీ కార్యక్రమాలు పంపింది. ఆంధ్రప్రదేశ్ పల్లెలూ అందులో ఉన్నాయి. సేద్యం గురించీ, ఆరోగ్యం గురించీ నాలుగు మంచి మాటలు చదవలేనివాళ్ళ ముంగిట్లోకి వెళ్ళాయి. అది తప్పని ఎవరంటారు?

నా పేచీ అంతా చదవడం వచ్చి కూడా పుస్తకం మూసేసేవాళ్ళతోనే.

టీవీ ఒక్కటే చదువు చెప్పగలదా అన్న పరీక్ష 2020లో మనందరి ఇళ్ళల్లోనూ జరిగింది. కరోనా వచ్చి బడులు మూతపడ్డాయి. తెలంగాణలో సెప్టెంబరు 1 నుంచి దూరదర్శన్ యాదగిరిలోనూ, టీ-శాట్‌లోనూ పాఠాలు మొదలుపెట్టారు. ఆంధ్రలో సప్తగిరిలో చెప్పారు. ఆ కష్టకాలంలో అదే పదివేలు. టీచర్లూ శ్రద్ధగానే చెప్పారు. మా పక్కింటి ఆరో తరగతి పిల్ల మా ఇంట్లోనే కూర్చుని వినేది. కూరలు తరుక్కుంటూ నేనూ వినేదాన్ని. భిన్నాల లెక్క చెప్పి తెరమీద టీచరుగారు “అర్థమైందా?” అని అడిగేవారు. ఒక్క క్షణం ఆగి, “సరే, తరువాతి లెక్క చూద్దాం” అనేవారు. ఈ పిల్ల “కాలేదు టీచర్!” అని పైకే అనేది. వినేదెవరు? నాలుగో రోజుకి ఆ అనడం కూడా మానేసింది.

లెక్క రాకపోవడం కంటే ఆ మానేయడమే నాకు భయమేసింది. అర్థంకాలేదని అడగని పిల్ల చదువు అక్కడే ఆగిపోతుంది. చివరికి పాఠ్యపుస్తకం ముందేసుకుని, ఒక్కొక్క మెట్టూ వేలు పెట్టి చదువుకుంటూ, అర్థంకానిచోట నన్ను పీక్కుతింటే తప్ప ఆ భిన్నాలు లొంగలేదు.

తేడా అంతా అక్కడే ఉంది. టీవీ నడక టీవీదే, దాని వెంట మనం పరుగెత్తాలి. పుస్తకం మన నడకన నడుస్తుంది. తెలియనిచోట ఆగుతాం, వెనక్కి వెళతాం, “ఈయన ఇలా అన్నాడేమిటి?” అని రచయితతో పోట్లాడతాం. ఆ ఆగడంలోనే చదువుంది. ఫోనులో వీడియో ఆపుకోవచ్చు కదా అంటారు. ఆపుకోవచ్చు. ఆపేదెవరు? ఒకటి అవగానే పిలవని పేరంటంలా రెండోది వచ్చి కూర్చుంటుంది!

పైగా మన ఆడవాళ్ళ తీరిక గంటల లెక్కన రాదు, ముక్కలుగా వస్తుంది. కుక్కరు కూతకీ కూతకీ మధ్య కాసింత, పిల్లలు బడినుంచి వచ్చేలోపు మరికాసింత. పుస్తకం ఎక్కడ మూశామో అక్కడే మనకోసం కాచుకుని ఉంటుంది. సీరియల్ అలాకాదు. ఎనిమిదంటే ఎనిమిదే. దాని వేళకి మనం వంట ముగించాలి.

“మంచి కార్యక్రమాలు కూడా వచ్చాయిగా?” అంటారా? వచ్చాయి. నెహ్రూగారు 1944లో అహ్మద్‌నగర్ కోట జైల్లో రాసిన డిస్కవరీ ఆఫ్ ఇండియాని శ్యామ్ బెనెగల్ 53 భాగాలుగా తీస్తే, 1988 నుంచి దూరదర్శన్‌లో వచ్చింది. భారత్ ఏక్ ఖోజ్ అని దాని పేరు. ఎంతో బాగుంది. కానీ ఆ సీరియల్ పుట్టింది పుస్తకంలోంచే కదా! ఎవరో కూర్చుని చదివారు కనుకనే మనం కూర్చుని చూడగలిగాం. అందరమూ చూసేవాళ్ళమే అయితే, రేపు చూపించేవాళ్ళెక్కణ్ణుంచి వస్తారు?

పుస్తకాలు కొనే స్తోమత ఎక్కడిదంటారా? మీ ఇంటిపన్ను రసీదు ఒకసారి తీసి చూడండి. రూపాయి పన్నుకి 8 పైసల చొప్పున గ్రంథాలయాలకని మన దగ్గర వసూలు చేస్తున్నారు. రెండు రాష్ట్రాల్లోనూ ఇదే పద్ధతి. కేబుల్ వాడు ఒక్కపూట బొమ్మ ఆపితే వీధంతా వినబడేలా పోట్లాడతాం. మన డబ్బుతో నడిచే గ్రంథాలయంలో కొత్త పుస్తకం లేకపోతే మాత్రం ఒక్కరం నోరెత్తం. అసలు లోపలికి వెళితే కదా, ఉందో లేదో తెలిసేది!

ఈ ఆదివారం పిల్లల్ని వెంటబెట్టుకుని వెళ్ళండి. బీరువాలకి తాళాలుంటే తీయమనండి. కావలసిన పుస్తకం లేదంటే తెప్పించమనండి. కట్టిన పన్ను మనది, అడిగే హక్కూ మనదే. సీరియల్ సంగతంటారా? వారం తరువాత చూసినా ఆ అత్తగారు ఆ కోడల్ని అక్కడే నిలబెట్టి తిడుతూ ఉంటుంది లెండి!