చాంగి లాంజ్‌లు: కార్డు మనది, ప్రయాణం అమ్మానాన్నలది

వుడ్‌ల్యాండ్స్‌లో మనవాళ్ల వాట్సాప్ గ్రూపుల్లో సెలవుల ముందు తప్పకుండా వచ్చే ప్రశ్న, “చాంగిలో ఏ లాంజ్ బాగుంటుంది?” జవాబులన్నీ బఫే గురించి, షవర్ల గురించే. అడిగేవాళ్లలో చాలామంది మాత్రం తమ కోసం అడగరు. మనవళ్లతో రెండు నెలలు గడిపి ఊరికి తిరిగి వెళ్తున్న తల్లిదండ్రుల కోసం అడుగుతారు. అక్కడే లెక్క మారిపోతుంది.

లాంజ్ తలుపు దగ్గర చూసేది బోర్డింగ్ పాసు, కార్డు మీద పేరు. రెండూ ఒకరివే కావాలి. ఇక్కడి మైల్స్ కార్డులు కొన్ని ఏడాదికి రెండు ఉచిత విజిట్లు ఇస్తాయి. కానీ కార్డున్న కొడుకు ఇమిగ్రేషన్ ఇవతలే ఆగిపోతాడు. కార్డు నాన్న చేతికిచ్చి పంపితే చెల్లదు. మా బ్లాకులో ఒక పెద్దాయనను ఒక లాంజ్‌లో అలాగే వెనక్కి పంపారు. నియమం ప్రకారం వాళ్లది తప్పు కాదు. కానీ డెబ్బై దాటిన మనిషికి నలుగురి ముందు అది చిన్న విషయం కాదు. ఆ సంగతి ఆయన కొడుక్కి చెప్పలేదు, కోడలికి చెప్పారు.

ఇండియాలో అలవాటు వేరు. అక్కడ మామూలు డెబిట్ కార్డుకూ లాంజ్ దొరికేది. ఆ రోజులూ పోతున్నాయి. 2024లో ఐసీఐసీఐ చాలా కార్డులకు ముందు మూడు నెలల్లో రూ. 35,000 ఖర్చు చేయాలన్న షరతు పెట్టింది. బ్యాంకులకూ లాంజ్‌లకూ మధ్య ఉండే డ్రీమ్‌ఫోక్స్ సంస్థ 2025 సెప్టెంబరులో ఇండియా దేశీయ లాంజ్ సేవలనే ఆపేసింది. శంషాబాద్‌లో పనిచేసిన కార్డు చాంగిలోనూ పనిచేస్తుందని నాన్నగారు అనుకుంటే, ముందే బ్యాంకును అడిగి చూడండి.

ఇక ఎయిర్‌లైన్ల సొంత లాంజ్‌లు. సింగపూర్ ఎయిర్‌లైన్స్ టీ3లో 5 కోట్ల సింగపూర్ డాలర్లతో చేసిన మార్పులు 2022లో పూర్తయ్యాయి. సిల్వర్‌క్రిస్ నిజంగానే బాగుంటుంది, కానీ అది బిజినెస్ క్లాసువాళ్లకు. ఎకానమీవాళ్లకు క్రిస్‌ఫ్లయర్ గోల్డ్ ఉండాలి, అంటే 12 నెలల్లో 50,000 ఎలీట్ మైళ్లు. అప్పుడు కూడా దొరికేది గోల్డ్ లాంజే, వెంట ఒక్క అతిథి. ఇద్దరు పిల్లలుంటే ఎవరిని బయట కూర్చోబెడతారు? విశాఖకు స్కూట్‌లో వెళ్లేవాళ్లకు టికెట్ ఒక్కదానితో ఆ తలుపులు తెరుచుకోవు.

డబ్బు కట్టి వెళ్లే శాట్స్ ప్రీమియర్, ప్లాజా ప్రీమియం లాంటివి ఉన్నాయి. నా ఉద్దేశంలో అవి సిడ్నీ, మెల్‌బోర్న్ నుంచి చాంగి మీదుగా హైదరాబాద్ వెళ్తూ ఐదారు గంటలు ఆగే కుటుంబాలకు పనికొస్తాయి. పిల్లలకు స్నానం, వేడి అన్నం దొరుకుతాయి. ఇక్కడి నుంచే విమానం ఎక్కే పెద్దవాళ్లకు దండగ. వుడ్‌ల్యాండ్స్ నుంచి 858 బస్సు నేరుగా చాంగికి వెళ్తుంది గానీ సూట్‌కేసులతో దాన్ని ఎక్కేదెవరు? టాక్సీలోనే, అదీ భయంకొద్దీ మూడు గంటల ముందే చేరతాం. ఆ సమయం గడపడానికి టీ3లో సీతాకోకచిలుకల తోట, సినిమా హాలు ఉచితం. కాళ్లు నొక్కే యంత్రాలూ ఉచితమే. టీ1, టీ2, టీ3 లోపల స్కైట్రైన్‌తో కలిసే ఉంటాయి. పులిహోర డబ్బా ఇంటి నుంచే ఇవ్వండి.

ఒక్క జాగ్రత్త. ఈ మూడు టెర్మినళ్లలో సెక్యూరిటీ తనిఖీ గేటు దగ్గరే. నీళ్ల సీసా అక్కడ ఖాళీ చేయాలి. చాలా గేటు గదుల్లో టాయిలెట్ ఉండదు కాబట్టి లోపలికి వెళ్లేముందే వెళ్లి రమ్మని చెప్పండి. వీల్‌చెయిర్ పెట్టించి ఉంటే లాంజ్ ఆలోచన మానుకోవడమే నయం. తీసుకెళ్లే సిబ్బంది వాళ్ల సమయం ప్రకారం గేటుకు చేరుస్తారు, మధ్యలో బఫే దగ్గర ఆగరు.