బొబ్బిలి వీణకు మేళం కట్టేదెవరు?

పాత పియానోలను బాగుచేసేవాళ్లకు ఒక వెసులుబాటు ఉంది. మీటల మీద అతికించిన దంతపు పలకలు పసుపెక్కినా, ఊడిపోయినా శ్రుతి చెడదు. స్వరం లోపలి తీగ బిగువులో ఉంటుంది. కాలితో తొక్కితే తనంతట తానే మోగే పియానోలోనైతే పాటంతా చిల్లుల కాగితపు చుట్టలోనే ఉంటుంది. చిరిగిన తిత్తులు మార్చి గాలి ఆడేలా చేస్తే చాలు, ఎన్నడో పోయిన కళాకారుడు వాయించిన తీరు కొన్ని చుట్టల్లోంచి మళ్లీ వినబడుతుంది.

బొబ్బిలి వీణకు అలాంటి చుట్ట లేదు. పనస దుంగను తొలిచి కుండనూ దండినీ ఏకంగా చెక్కుతారు. దండి మీద నల్లటి మైనపు గట్లు, వాటి మీద 24 మెట్లు. ఏ మెట్టు ఎక్కడ కూర్చోవాలో తేల్చేది చెవి. తీగ మీటి, విని, వెంట్రుకవాసి జరిపి, మళ్లీ విని నిలుపుతారు. ఎండకు ఆ మైనం మెత్తబడుతుంది, ఏళ్లు గడిస్తే పెళుసెక్కుతుంది. అప్పుడు దాన్ని గీకేసి, కొత్త మైనం పెట్టి, మెట్లన్నీ తిరిగి నిలపాలి. అదే మేళం కట్టడం. వీణ చెక్కడం ఎంత గొప్పదో ఇదీ అంత గొప్ప పని.

బొబ్బిలి దగ్గరి గొల్లపల్లిలో సర్వసిద్ధి వంశీకులు తరతరాలుగా ఈ విద్యను కాపాడుతున్నారు. భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. కానీ ఇప్పుడు గిరాకీ ఎక్కువగా సభల్లో బహూకరించే చిన్న వీణలకే. అవి ఆ ఇళ్లకు అన్నం పెడుతున్నాయి, వాటిని తక్కువ చేయలేం. అయితే వాటికి శ్రుతితో పనిలేదు. ఆ పనే మిగిలితే కుర్రవాళ్లకు ఉలి పట్టడం వస్తుంది, మేళం వినడం రాదు.

విజయనగరంలో 1919లో పుట్టిన సంగీత కళాశాల ఉంది. ఆదిభట్ల నారాయణదాసు, ద్వారం వెంకటస్వామినాయుడు నడిపిన చోటు. మేళం తెలిసిన గొల్లపల్లి పెద్దలను అక్కడికి పిలిచి, అధ్యాపకులతో సమానంగా జీతమిచ్చి కూర్చోబెట్టాలని మేం ప్రభుత్వాన్ని అడుగుతున్నాం. పాత మేళం విప్పేముందు ప్రతి మెట్టు నాదాన్నీ రికార్డు చేయాలి. మెట్టు పక్కకు జరిగింది ఎండవల్లనా, లేక ఆనాటి వైణికుడు కావాలనే అలా పెట్టించుకున్నాడా అన్నది తేల్చగలిగిన చెవి పక్కన ఉండగానే ఆ పని జరగాలి.

శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల పాఠకులకు ఒక మనవి. మీ అటక మీద పాత వీణ ఉంటే ముందుగా మెరుగు పెట్టించకండి, వదులైన మెట్లను మీరే అంటించకండి. ఊడిన మెట్లను వరస తప్పకుండా గుడ్డలో కట్టి, వీణతోపాటే మేళం కట్టేవారికి అందించండి.