ఎలుగుబంటికి చప్పట్లు కావాలా?

ఆదివారం ఉదయం. తార్నాకలో ఓ ఇల్లు. పెసరట్టు పెనం మీద ఉండగానే ఫోను మోగింది. మాస్కో నుంచి వీడియో కాల్. ఇక్కడ పది గంటలైతే అక్కడ ఏడున్నర. ఇంటికి కూతవేటు దూరంలోని ఇఫ్లూలో రష్యన్ భాష చదివి, ఏడాది కోర్సు కోసం మాస్కో వెళ్లిన అమ్మాయి పిలుపది. 'అమ్మా, నిన్న హాస్టల్ వాళ్లమంతా కలిసి సర్కస్‌కి వెళ్లాం. చూపిస్తా ఉండండి' అంది. అంతే... తాతయ్య పేపరు మడిచి పక్కన పెట్టాడు. తమ్ముడు మంచం దిగి వచ్చాడు. అమ్మ అట్లకాడతోనే హాల్లోకి వచ్చేసింది.

గుండ్రటి బరి, రంగు దీపాలు, బ్యాండు మేళం. మధ్యలో పొట్టి గౌను తొడుక్కుని రెండు కాళ్ల మీద నడిచి వస్తున్న ఎలుగుబంటి! సైకిలు తొక్కింది. హూలాహూప్ తిప్పింది. చివర్లో వంగి దండం పెట్టింది. తమ్ముడు ఈల వేశాడు. తాతయ్య పకపకా నవ్వాడు. అందరికన్నా వెనక నిలబడి కళ్లజోడు సవరించుకుంటూ చూసిన నానమ్మ మాత్రం ఒకే ఒక్క మాట అడిగింది...

'దాని మూతికి ఆ పట్టీ ఎందుకే?'

అమ్మాయి సమాధానం చెప్పలేకపోయింది. ఆ సాయంత్రమే క్యాంపస్ నుంచి స్నేహితురాలు మెసేజ్ పెట్టింది. 'వీడియో చూశాను. నువ్వు కూడా చప్పట్లు కొట్టావా?' అని. కొట్టింది మరి! పైగా సోమవారానికల్లా క్లాసులో ఓ వ్యాసం ఇవ్వాలి. అంశం 'నేను చూసిన సర్కస్'. రష్యన్‌లో ఒక పేజీ. శనివారం దాకా తేలిగ్గా కనిపించిన ఆ ఒక్క పేజీ ఆదివారం రాత్రికి కొండంత అయి కూర్చుంది.

మాస్కో అంటే సర్కసే!

ఆ అమ్మాయి తప్పేం లేదు. మాస్కో వెళ్లిన వాళ్లెవరైనా క్రెమ్లిన్, మెట్రో స్టేషన్ల తర్వాత చూడాలనుకునేది సర్కసే. అక్కడ సర్కస్ అంటే మనలా మైదానంలో వేసే డేరా కాదు, పక్కా భవనం. స్వెత్నోయ్ బులెవార్డ్‌లోని సర్కస్ 1880లో మొదలైంది. ప్రఖ్యాత విదూషకుడు యూరీ నికూలిన్ పేరు మీద ఇప్పుడది నడుస్తోంది. వెర్నాద్‌స్కీ ప్రాస్పెక్ట్‌లో 1971లో కట్టిన మరో సర్కస్‌లో మూడు వేల మందికి పైగా కూర్చోవచ్చు. మన పిల్లలు ఎంబీబీఎస్ చదవడానికి వెళ్లే కజాన్‌లోనైతే సర్కస్ భవనం అచ్చం ఎగిరే పళ్లెంలా ఉంటుంది.

మనకూ ఆ సర్కస్ కొత్తదేం కాదు. రాజ్‌కపూర్ 1970లో తీసిన 'మేరా నామ్ జోకర్'లో సోవియట్ సర్కస్ కళాకారులు కనిపిస్తారు. ఇక, ఉప్పల లక్ష్మణరావు లాంటి వాళ్లు మాస్కోలో ఉండి అనువదించిన పుస్తకాలు, తళతళలాడే బొమ్మలతో వచ్చిన సోవియట్ పిల్లల కథలు చదివిన తరానికి రష్యా ఎలుగుబంటి చుట్టం లాంటిది. తాతయ్య నవ్వులో ఆ చుట్టరికమే ఉంది.

మన వీధిలోనూ ఆడింది

అయితే ఎలుగుబంటిని చూడటానికి మాస్కో దాకా వెళ్లాలా? నానమ్మ చిన్నప్పుడు అదే వీధిలోకి వచ్చేది. ముక్కుకు తాడు, మెడలో గంట, పక్కన కర్ర పట్టుకున్న ఆసామి. జడుసుకున్న పిల్లల్ని దాని వీపు మీద ఎక్కిస్తే భయం పోతుందని నమ్మేవాళ్లు. దాని వెంట్రుకను తాయెత్తులో పెట్టి మెడలో కట్టేవాళ్లు. కోతులాట సంగతి సరేసరి! ఏనుగును ఛాతీ మీద నిలబెట్టుకున్న మల్లయోధుడు కోడి రామమూర్తి నాయుడి సర్కస్ గురించి ఉత్తరాంధ్రలో ఇప్పటికీ కథలుగా చెప్పుకుంటారు.

ఆ ఆటలు ఎలా ఆగాయి? 1960లోనే జంతువుల పట్ల క్రూరత్వ నివారణ చట్టం వచ్చింది. నాట్యకళాకారిణి రుక్మిణీదేవి అరండేల్ రాజ్యసభలో పట్టుబట్టి సాధించిన చట్టమది. ఆ చట్టం ఇచ్చిన అధికారంతోనే 1998లో కేంద్ర ప్రభుత్వం ఎలుగుబంట్లు, కోతులు, పులులు, చిరుతలు, సింహాలను ప్రదర్శనల కోసం మచ్చిక చేయకూడదని ఉత్తర్వు ఇచ్చింది. సర్కస్ యజమానులు కోర్టుకెక్కారు. హక్కులు మనుషులకే పరిమితం కానక్కర్లేదంటూ కేరళ హైకోర్టు 2000లో ఆ ఉత్తర్వును సమర్థించింది. మరుసటి ఏడు సుప్రీంకోర్టూ అదే మాట అంది.

అక్కడితో కథ సుఖాంతమా? కాదు. సర్కస్ బోనుల్లోంచి బయటికొచ్చిన సింహాలు, పులులు ఎక్కడికెళ్లాలి? బోనులో పుట్టి బోనులో పెరిగినవాటికి వేట రాదు. అడవిలో వదిలితే బతకవు. అందుకే వాటికోసం పునరావాస కేంద్రాలు పెట్టారు. మన విశాఖపట్నం, తిరుపతి జూల దగ్గర ఉన్నవి అలాంటివే. వాటిల్లో చాలా సింహాలు ఆసియా, ఆఫ్రికా జాతుల సంకరం కావడంతో సంతానం కలగకుండా జాగ్రత్తపడ్డారు. వేళకు మాంసం, వైద్యం... ముసలితనం వచ్చి ఒక్కొక్కటే రాలిపోయేదాకా అదే వాటి విశ్రాంత జీవితం. వీధుల్లో ఎలుగును ఆడించిన కలందర్ కుటుంబాలకు వేరే బతుకుతెరువు చూపించి, బదులుగా ఎలుగుల్ని తీసుకున్నారు. 2009 చివరికి ఆ ఆట దాదాపు ముగిసింది.

లోకంలోనూ గాలి మళ్లింది. అదే 2009లో బొలీవియా సర్కసుల్లో జంతువులన్నిటినీ నిషేధించింది. అమెరికాలోని రింగ్లింగ్ సర్కస్ 2016లో ఏనుగుల ఆట ఆపేసి, 2017లో మూతపడి, 2023లో ఒక్క జంతువు కూడా లేకుండా మళ్లీ తెర తీసింది. ఫ్రాన్స్ 2021లో చేసిన చట్టం ప్రకారం 2028 నుంచి ఊరూరా తిరిగే సర్కసుల్లో అడవి జంతువులు ఉండకూడదు. రష్యా 2018 చివర్లో జంతు సంరక్షణ చట్టం చేసింది కానీ సర్కస్ ఎలుగుకు మాత్రం సెలవు ఇవ్వలేదు.

కొరడానా... చక్కెర బిళ్లా?

సోమవారం ఆ అమ్మాయి తన సందేహాన్ని టీచరమ్మ ముందే పెట్టింది. ఆవిడ కోప్పడలేదు. 'దురోవ్ తాత గురించి విన్నావా?' అంది. వ్లదీమిర్ దురోవ్ రష్యా సర్కస్ చరిత్రలో పెద్ద పేరు. జంతువును కొట్టి నేర్పే రోజుల్లో, కొట్టకుండా తాయిలం పెట్టి నేర్పవచ్చని నిరూపించినవాడు. 1912లో మాస్కోలోని తన ఇంట్లోనే జంతువుల రంగస్థలం తెరిచాడు. ఎలుకలు ప్రయాణికులుగా ఎక్కి దిగే బుల్లి రైలు అక్కడి ప్రత్యేకత. ఆ రంగస్థలం ఇప్పటికీ ఉంది. 'మా వాళ్లందరూ కొరడా పట్టుకున్నవాళ్లు కారు. ఎలుగు జబ్బుపడితే రాత్రంతా దాని పక్కనే కూర్చునేవాళ్లూ ఉన్నారు' అందావిడ.

నిజమే. కానీ, ఆ మాట విన్నాక చిక్కు ఇంకా పెరిగింది. కొట్టకపోతే సరిపోతుందా? తాయిలం పెట్టినా సరే, ఎలుగుబంటికి గౌను తొడుక్కోవాలని ఉంటుందా?

తార్నాక చెప్పిన లెక్క

ఆ రాత్రి నాన్నకు ఫోన్ చేసింది. ఆయన పరిశోధనశాలలో పనిచేసి రిటైరయ్యాడు. తార్నాకలో అలాంటివాళ్లు వీధికి నలుగురు ఉంటారు. జాతీయ పోషకాహార సంస్థ, ఐఐసీటీ, సీసీఎంబీ, ఎన్‌జీఆర్‌ఐ... అన్నీ ఆ చుట్టుపక్కలే కదా! 'సర్కస్ సంగతి సరే నాన్నా, మీ ల్యాబుల్లో ఎలుకలు, కుందేళ్లు ఉండవా?' అని సూటిగానే అడిగేసింది.

'ఉంటాయి' అన్నాడాయన. 'అదీ నాకు సంతోషమైన సంగతేం కాదు. కానీ ప్రతి ప్రయోగానికీ ముందు ఎథిక్స్ కమిటీ మూడు ప్రశ్నలు అడుగుతుంది. జంతువు లేకుండా ఈ పని జరగదా? తప్పకపోతే ఇంకా తక్కువ వాటితో సరిపెట్టలేవా? వాటి బాధ తగ్గించలేవా? ఇంగ్లండులో ఇద్దరు శాస్త్రవేత్తలు 1959లో చెప్పిన సూత్రమిది. సమాధానం లేకపోతే అనుమతి లేదు. నీ సర్కస్‌ను ఆ మొదటి ప్రశ్న అడిగి చూడు.'

అడిగి చూసింది. ఎలుగుబంటి లేకుండా సర్కస్ జరగదా? తాను చూసిన రెండున్నర గంటల ఆటలో ఎలుగు ఉన్నది పదే పది నిమిషాలు. ఊపిరి బిగపట్టి చూసింది మాత్రం పైన ఊయల మీద నుంచి ఊయల మీదకు దూకిన అమ్మాయిని. ఆ అమ్మాయి ఆట నేర్చుకోవాలనుకుని నేర్చుకుంది. చప్పట్లు ఆమెకు అర్థమవుతాయి. నచ్చకపోతే రేపు మానేయగలదు కూడా!

మనిషి సంగతీ అంత తేలిక కాదు. మనదేశంలో సర్కసుల్లో పిల్లల్ని పెట్టుకోకూడదని సుప్రీంకోర్టు 2011లో చెప్పాల్సి వచ్చింది. ఇటు జంతువులు పోయి, అటు టీవీలు, ఫోన్లు వచ్చి డేరాలు వెలవెలబోయాయి. సింహాన్ని ఆడించిన మనిషికి ఏ పునరావాస కేంద్రమూ లేదు. ఆ సంగతి కూడా వ్యాసంలో రాయాలనుకుంది.

తేనె తినేది...

చివరికి దారి చూపించింది తాను చదువుకున్న భాషే. రష్యన్‌లో ఎలుగును 'మెద్వేద్' అంటారు. ఇఫ్లూలో మొదటి ఏడాదే నేర్చుకున్న మాట. అర్థం... తేనె తినేది. పూర్వం ఆ అడవుల్లోని వాళ్లకు ఎలుగంటే ఎంత భయభక్తులంటే, అసలు పేరు పలికితే వచ్చేస్తుందని ఈ మారుపేరు పెట్టుకున్నారు. మన ఊళ్లలో పాము కరిచిందనకుండా 'పురుగు ముట్టింది' అన్నట్లే! కాలక్రమంలో అసలు పేరు మర్చిపోయారు, మారుపేరే మిగిలింది.

సోమవారం ఇవ్వాల్సిన వ్యాసం బుధవారం ఇచ్చింది. చివరి వాక్యం ఇది... 'పేరు పలకడానికే భయపడిన జంతువుకు గౌను తొడిగి, తేనె తినేదానికి చక్కెర బిళ్ల పెట్టి ఆడించారు. నేను చప్పట్లు కొట్టాను. మా నానమ్మ మాత్రం దాని మూతి వంక చూసింది.'

టీచరమ్మ రెండు విభక్తి తప్పులు దిద్దింది. ఆ వాక్యాన్ని మాత్రం ముట్టుకోలేదు.

తర్వాతి ఆదివారం మళ్లీ వీడియో కాల్. 'ఈ వారం ఏం చూశావే?' అంది నానమ్మ. 'ఏం చూడలేదు నానమ్మా. నువ్వు చూసిందే మళ్లీ చూశా' అంది మనవరాలు.